చేతికి రాని తెల్లెలుకలు

కేతేపల్లి చుట్టుపక్కల కొందరిని ఇంటిపేరుతో గుర్తుపడతారు, కొందరిని తండ్రి పేరుతో గుర్తుపడతారు. కురుమ దుర్గయ్యను మాత్రం చేతితో గుర్తుపట్టేవారు. "చెయ్యి దుర్గన్న" అంటే చాలు, బస్సు దిగిన పరాయివాడికి కూడా ఇల్లు చూపించేవారు. తన్నే బర్రె, పొడిచే పొట్టేలు, కన్నపిల్లకే పాలివ్వని గొర్రె, ఏది మాట వినకపోయినా దాన్ని తోలుకొచ్చి ఆయన దొడ్డి ముందు నిలబెట్టేవారు. దుర్గయ్య వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి, వెనక్కాలు ఒడిసిపట్టి, ఇంకో చేత్తో గడ్డం కింద గోకి, చెవిలో ఒక కేక పెట్టేవాడు. ఆ కేకకు జంతువుకు సగం ప్రాణం పోయేది. మిగిలిన సగం ఆయనకు మచ్చికయ్యేది.

ఆ గొంతు సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పట్లో మూసీకి కట్ట కడుతున్నారు. దుర్గయ్య ఇంట్లో పెళ్లాం బీరమ్మతో గుసగుసలాడితే ఆ కట్ట మీద మట్టి మోసే కూలీలు "ఆఁ?" అని తల తిప్పేవారని ఊళ్లో నవ్వుకునేవారు. మేతకు పోతే గొర్రెల్ని పిలవడానికి నోరు, ఆపడానికి చెయ్యి. ఈ రెండే ఆయన ఆస్తి. మిగతావన్నీ జీవాలు.

ఇంతటి చెయ్యికి చేటు తెచ్చినవాడు బామ్మర్ది. బామ్మర్ది అన్న మాటలోనే కొంత మర్దన ఉంది. బీరమ్మ తమ్ముడు జానయ్య ఆ మర్దన మానకుండా చేసే రకం. పట్నంలో కొత్త మందుల్ని మనుషుల మీదికి వదిలేముందు ఎలుకల మీదికి వదిలి చూసే చోటొకటుంది. అక్కడ బోన్లు కడగడం అతని నౌకరీ. ఒక పొద్దున సూర్యాపేట బస్సు దిగి, చేతిలో తీగల పెట్టెతో వచ్చాడు. పెట్టెలో రెండు తెల్ల ఎలుకలు. పాలమీగడ తెలుపు, ఎర్రని కళ్లు, నూలుపోగులాంటి తోకలు.

"బావా, గివి మామూలు ఎల్కలు గావు," అన్నాడు పెట్టెను పంచలో దించి. "వీటితోని పని అయిపోయింది, చంపి పారేస్తమన్నరు. నాకు పాణమొప్పలే, ఎత్కచ్చిన. మా కాడ ఎవలు చెయ్యి చాపినా ఎక్కుతయి. భుజం మీద కూసుంటయి. నీ చెయ్యికైతే ఒక్క పూటల వస్తయి."

"ఒక్క పూటెందుకురా జానిగా?" దుర్గయ్య చుట్ట వెలిగించాడు. "గీ చుట్ట అయిపోయే లోపల చూడు."

బీరమ్మ రాట్నం ముందు నుంచి లేవకుండానే అందుకుంది. "గింజలు తింటయని ఎల్కలకు బోన్లు వెడ్తం. గిప్పుడు బోన్ల వెట్టి గింజలు పోసుడా? మీ బావబామ్మర్దులకు పని లేకుంటే వచ్చి ఉన్ని ఏరున్రి."

దుర్గయ్య వినలేదు. జీవం ఇంటికొస్తే ముందు పేరు పెట్టాలన్నాడు. కాస్త లావుగా, మీసాలు దువ్వుకుంటున్న దానికి దొర అని పెట్టాడు. అన్నిటినీ వాసన చూసి లెక్క తేల్చుకుంటున్నట్టున్న రెండోదానికి పట్వారి అని పెట్టాడు. పేరు పెట్టేటప్పుడు ఆయన నవ్వాడు. తర్వాత నవ్వే పని ఊరు తీసుకుంది. ఎందుకంటే ఆ దొర దొరకడు, ఆ పట్వారి పట్టుపడడు.

పెట్టె మూత తీశాడు. రెండూ మూతి బయటపెట్టి గాలి వాసన చూశాయి. దొర నాలుగడుగులు వేసి పంచలోకి వచ్చాడు. దుర్గయ్య తనకు తెలిసిన పని చేశాడు. వెనక నుంచి వంగి, గొర్రెను పట్టినట్టు, ఆ అగ్గిపుల్లంత వెనక్కాలును ఒడిసిపట్టాడు. దొర చుట్టుకుని వెనక్కి తిరిగి బొటనవేలి మొదట్లో పళ్లు దించాడు. దుర్గయ్య కేకకు దొడ్డిలో గొర్రెలు లేచి నిలబడ్డాయి, పక్కింటి పెద్దులు పాము కరిచిందనుకుని కర్రతో పరుగెత్తుకొచ్చాడు, ఎలుకలు రెండూ గాదె కిందికి దూరాయి. జానయ్య కూచున్న చోటే కడుపు పట్టుకున్నాడు.

"చుట్ట అయిపోయిందా బావా?"

"అరె, కొత్త జాగా గదా, గందుకే బెదిరింది."

"బెదిరింది ఎవలో ఊరందరికి వినవడ్డది. పీర్ల పండుగకొస్త. గప్పటికన్న పది మందిల చూపియ్యాలె మల్ల."

"చూపిస్త పో! భుజం మీద కూసోవెట్టుకొని పీర్ల కాడికొస్త!"

ఆ మాట పెద్దులు విన్నాడు. పెద్దులు విన్నాడంటే ఊరు విన్నట్టే. పోయేముందు జానయ్య గాదె కింద చెయ్యి చాపి, చేతికెక్కిన ఎలుకలు రెండింటినీ మళ్లీ పెట్టెలో వదిలాడు. దుర్గయ్యకు ఎలుకలు మచ్చిక కాలేదు గాని, వేలికి మచ్చ మాత్రం మిగిలింది.

కొత్త కుక్కను తెచ్చుకున్నప్పుడు కురుమల ఇళ్లలో ఒక పని చేస్తారు. జొన్నరొట్టె ముక్కను పొద్దంతా చంకలో పెట్టుకుని, చెమట బాగా పట్టించి, సాయంత్రం దానికి తినిపిస్తారు. మనిషి వాసన కడుపులోకి పోతే కుక్క ఇక గడప విడవదని నమ్మకం. కుక్కకు పట్టేది ఎలుకకు ఎందుకు పట్టదని దుర్గయ్య తెల్లారి రొట్టెముక్క చంకలో ఇరికించుకుని జీవాల వెంట పోయాడు. చంకలో రొట్టె, మనసులో శంక. చెయ్యెత్తితే రొట్టె జారుతుంది, ఎత్తకపోతే గొర్రెలు జారుతాయి. ఒకచేత్తో, అదీ ఎడమచేత్తో, కట్టె ఆడించేసరికి మంద తాపీగా పెద్దులు కందిచేలో దిగింది. పెద్దులు తిట్టిన తిట్లన్నీ విని, రొట్టెను మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చాడు.

ఎలుకలు రొట్టె తిన్నాయి. ఇష్టంగానే తిన్నాయి. దుర్గయ్య చెమట ఉప్పు వాటికి నచ్చినట్టే ఉంది, కూరలో ముక్క వెతుక్కున్నట్టు ఆయన వేలి కొసను కూడా వెతుక్కుని కొరికాయి. తిన్నాక మళ్లీ పెట్టెలో మూలకు చేరి, ఎవరు నువ్వు అన్నట్టు చూశాయి.

"తిన్న రొట్టెకన్న ఇమానం లేదు మీకు!" అని పెట్టె మీద అరిచాడు. పెట్టె వణికింది. ఆ రోజు మళ్లీ అవి బయటికి రాలేదు. గొర్రెల్ని పిలిచినట్టు నాలుక ఆడించి పిలిచాడు. ఉప్పు చూపించాడు. బెల్లం చూపించాడు. చివరికి కట్టె చూపించాడు. దేనికీ ఫికర్ లేదు వాటికి. మనిషికి కోపం వస్తే ఎదుటివాడు బెదరాలి, లేదా తిరగబడాలి. కళ్లు మూసుకుని మూతి కడుక్కునే శత్రువుతో ఎవరు మాత్రం ఎంతసేపని పోట్లాడతారు? ఎలుకల్ని ఏలుకుందామనుకుంటే, అవే ఏలికలై కూచున్నాయి.

ఒకనాడు మధ్యాహ్నం దాహానికని ఇంటికొచ్చిన దుర్గయ్య దర్వాజలోనే ఆగిపోయాడు. బీరమ్మ కాళ్లు చాపుకుని ఉన్ని వడుకుతోంది. పక్కన దూదిలా ఏకిన ఉన్నిబుట్ట. బుట్టలో గుంత చేసుకుని దొర పడుకున్నాడు. పట్వారి ఆమె మోకాలి మీద కూచుని, తిరిగే రాట్నాన్ని తలతో కొలుస్తున్నాడు. బీరమ్మ వాడిని చూడను కూడా చూడడం లేదు.

"ఏమే!" అన్నాడు దుర్గయ్య. పట్వారి ఒక్క దూకుతో బుట్టలో పడ్డాడు. "ఏం జేసినవు ఎల్కలకు?"

"ఏం జేసిన? ఉన్ని వడుకుతున్న."

"ఉన్ని సంగతి కాదు. అవి నీ మీదికెట్లొచ్చినయి?"

"నడుసుకుంట వచ్చినయి."

"నా కాడికెందుకొస్తలేవు మరి?"

బీరమ్మ పోగు తెగకుండా చూసుకుని, అప్పుడు తలెత్తింది. "నువ్వు పిల్లి లెక్క ఎనుకకెల్లి వచ్చి కాలు వడ్తవు. గద్ద లెక్క మీదికెల్లి చెయ్యి దించుతవు. పైనుంచి గా ఒర్రుడొకటి. నేనే ఎల్కనైతే నీ వేలు గాదు, ముక్కు కొరుకుదు."

"గీ చేతితోనే గదనే నలభై ఊర్ల జీవాలు లొంగినయి!"

"లొంగినయి. వచ్చినయా?"

 దుర్గయ్య తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తన చెయ్యి ఎన్నో పనులు చేసింది. దానికి ఏమీ చెయ్యని పని ఎవరూ నేర్పలేదు. చెయ్యి అన్నదే చెయ్యడానికి పుట్టింది గదా! గునుసుకుంటూ నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

అయినా బీరమ్మ నీళ్లకు పోయిన వేళ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, పంచలో చతికిలబడి అరచెయ్యి వెల్లకిలా నేల మీద పెట్టాడు. అందులో కాసిన్ని జొన్నగింజలు పోసుకున్నాడు. ఊరకే కూచోవడం ఇంత పనని అప్పుడే తెలిసింది. ముందు మోచేతికి దురద. తర్వాత ఈగ. ఈగ పోతే చీమ. పట్వారి మూతి బయటపెట్టగానే వేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. అలవాటైన వేళ్లు, పట్టుకోకుండా ఉండలేవు. వాడు లోపలికి పోయేవాడు. మళ్లీ మొదటి నుంచి. "థూ!" అని లేచేవాడు. తిట్టుకునేవాడు. మరునాడు మళ్లీ కూచునేవాడు.

అలా కూచోగా కూచోగా ఒకనాడు పట్వారి వచ్చి ముందు రెండు కాళ్లు ఆయన వేళ్ల మీద మోపాడు. చల్లగా, చిగురాకులు తగిలినట్టు. మీసాలు అరచేతి గీతల మీద కదిలాయి. ఒక జొన్నగింజ నోట కరుచుకుని, అక్కడే నిలబడి తిన్నాడు. దుర్గయ్య గుండె గొంతులోకి వచ్చింది. గొంతులోకి వచ్చింది ఏదైనా ఆయన దగ్గర బయటికి రావాల్సిందే.

"బీరమ్మా! వచ్చిందే! చేతికొచ్చిందే!"

బీరమ్మ బిందెతో వచ్చేసరికి చేతిలో గింజలే ఉన్నాయి.

ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ దుర్గయ్య కురుమ. కొత్త జీవం మందలో కలిసి మనదయ్యాక దాని వీపు మీద జాజు రుద్దాలి. ఎర్రమట్టి గుర్తు ఉంటే ఎక్కడ తప్పిపోయినా ఫలానా వాళ్లదని తెలుస్తుంది. ఆయన తండ్రి అదే చేశాడు, ఆయన తాత అదే చేశాడు. చేతిలో తిన్న జీవాన్ని గుర్తు పెట్టకుండా వదలడమంటే అవమానించినట్టే. అందుకని ఆ సంబురంలోనే జాజు కలిపి, గొంగడి విసిరి రెండింటినీ కప్పి పట్టి, కిచకిచమంటున్నా వినకుండా వీపుల మీద ఇంతింత పట్టీలు పూశాడు. ఆపైన దిష్టి తగలకుండా వేపాకు పొగ కూడా వేశాడు. బీరమ్మ దగ్గుకుంటూ వచ్చి చూసింది. ఎర్ర కళ్లకు తోడు ఎర్ర వీపులతో రెండు ఎలుకలు పెట్టె మూలన ఒకదాని కింద ఒకటి దూరుతున్నాయి.

పెట్టె మీది పొగను కొంగుతో విసిరింది.

"ఓయయ్యా, ఎవని మందల కలుస్తయని గుర్తు వెట్టినవు? గీ ఊర్ల ఇంకెవలికన్న తెల్లెల్కల మంద ఉన్నదా?"

"ఉండనీ లేకపోనీ. మనయి మనకు గుర్తుండాలె."

"నీకు గుర్తుంటది. వాటికి సుత గుర్తుంటది, చూడు."

గుర్తున్నది. జాజు నాకి నాకి వాటి మూతులు ఎరుపెక్కాయి. దుర్గయ్య నీడ పడితే చాలు, రెండూ మూలకు అతుక్కునేవి. గింజలు చూపినా రావు. ఇప్పుడు బీరమ్మ బుట్టలోకి కూడా రావడం మానేశాయి. దుర్గయ్య చెయ్యి వెల్లకిలా పెట్టుకుని కూచునేవాడు, కాళ్లు తిమ్మిరెక్కేదాకా. తర్వాత పెట్టెను తన్నబోయి, తన్నకుండా, గోడను తన్నేవాడు. గోడకు ఏమీ కాలేదు. ఆయన కాలి వేలే వాచింది. చేతికి కాట్లు, కాలికి పాట్లు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున పెద్దులు తన బర్రెను తాడుతో ఈడ్చుకుంటూ ఇంటి ముందు నుంచి పోతున్నాడు. పాలు చేపకుండా, పిండడానికి కూచుంటే తన్నే బర్రె. దుర్గయ్య అలవాటు కొద్దీ లేచి, రుమాలు దులిపి ఎదురు వెళ్లాడు.

"దా పెద్దులూ, దొడ్డిల కట్టేయి."

పెద్దులు తాడు వదల్లేదు. నేల చూశాడు. "నకిరేకల్ల ఎవలో ఉన్నడట దుర్గన్నా. చెయ్యి మంచిదట. గాడికి తోల్కపోతున్న."

"మరి నా చెయ్యికేమైంది?"

"పుండయిందట గదా. మానినంక వస్త."

పెద్దులు అది వెటకారంగా అనలేదు. జాలిగా అన్నాడు. అదే దుర్గయ్యకు ముల్లులా దిగింది. పుండు ఎప్పుడో మానింది. ఊరి నోళ్లే మానలేదు. ఎలుకను పట్టలేనివాడు బర్రెనేం పడతాడని కల్లు కాడ అనుకుంటున్నారని బీరమ్మకు ముందే తెలుసు, చెప్పలేదు. ఇక ఈ బర్రె పోయింది. రేపు ఇంకొకరి పొట్టేలు పోతుంది. ఆపైన ఆయన గొర్రెలు కాచుకునే ఒకానొక దుర్గయ్య. ఊరు మొత్తంలో అలాంటి దుర్గయ్యలకు కరువేముంది? ఆ పూట జీవాల వెంట పోతూ ఆయన ఒక్క కేక కూడా వెయ్యలేదు. మంద రెండుసార్లు ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

పీర్ల పండుగ రానే వచ్చింది, జానయ్యా రానే వచ్చాడు. కొత్త అంగీ, నెత్తికి నూనె, ముఖాన నవ్వు. దారిలో కనబడిన వాళ్లనందరినీ వెంటేసుకుని వచ్చాడు. పంచ నిండింది. దర్వాజ బయట కూడా మెడలు చాపి నిలబడ్డారు.

"ఏది బావా, భుజం మీద లేవేంది?"

"వాటికి జర పాణం బాగలేదు," అన్నాడు దుర్గయ్య.

జానయ్య పెట్టెలోకి తొంగిచూశాడు. "బావా, గిదేంది? లగ్గం జేసినవా వీటికి? వీపులకు గంధం పూసినవు!"

పంచంతా గొల్లుమంది. దుర్గయ్యకు చెవులు కాలాయి. "అవతల జరుగున్రి," అని చతికిలబడి, మూత తీసి, అరచెయ్యి వెల్లకిలా నేల మీద పెట్టాడు. అంత పెద్ద చెయ్యి, గింజలు పోసుకుని, అడుక్కుంటున్నట్టుంది. నవ్వు సద్దుమణిగింది. కర్ర మీద ఆనుకున్న అండాలు ముసలమ్మ మాత్రం, "దబ్బున కానియ్యి బిడ్డా, పీర్లు లేస్తున్నయి," అని తొందర పెట్టింది.

పట్వారి మూతి బయటపెట్టాడు. ఎవరో "అగో!" అన్నారు. వాడు ఆగాడు. మెల్లగా వచ్చాడు. గింజల్ని వాసన చూశాడు, వేలిని వాసన చూశాడు. జాజు పూసిన వేలు అదేనని తెలిసినట్టుంది. కరిచాడు. కరిచి పెట్టెలోకి పోయాడు.

నవ్వులకు పంచ పైకప్పు లేచింది. "చెయ్యి దుర్గన్న గాదు, ఇగ కాటు దుర్గన్న!" అన్నాడు జానయ్య కళ్లు తుడుచుకుంటూ. "బావా, మనసుల వెట్టుకోకు. నడువు, పీర్ల కాడికి పోదాం." బయట డప్పులు మోగాయి. జనం ఒకరి భుజం మీద ఒకరు తడుతూ, కాటు దుర్గన్న, కాటు దుర్గన్న అనుకుంటూ గల్లీలోకి కదిలారు. జానయ్య వాళ్ల వెంట పడ్డాడు.

దుర్గయ్య ఈసారి అరవలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. చెయ్యి కూడా తీయలేదు. తీసి ఎక్కడ పెట్టుకుంటాడు? ఇన్నాళ్లు ఊరు తనను పిలిచింది దానితోనే. ఇప్పుడది నేల మీద వెల్లకిలా పడుంది, వేలి నుంచి సన్నగా నెత్తురు, చుట్టూ జొన్నగింజలు. పట్టుకోవాలని కూడా లేదు దానికి. ఆయన గోడకు తల ఆనించి, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, అలాగే ఉండిపోయాడు.

కొంతసేపటికి చేతిలో చల్లగా తగిలింది.

తల దించలేదు. కళ్లు మాత్రం దించాడు. పట్వారి ముందరికాళ్లు మోపాడు. తర్వాత వెనక్కాళ్లు కూడా. తాను కరిచిన వేలిని ఒకసారి నాకాడు. గింజలేవీ ముట్టలేదు. అరచేతి గుంటలో చుట్టూ తిరిగి, తోక సర్దుకుని, ముడుచుకుని పడుకున్నాడు. ఎర్రపట్టీ వీపు ఎగిరెగిరి పడుతోంది. ఆ గుండె కొట్టుకోవడం దుర్గయ్య మణికట్టు దాకా తెలుస్తోంది. వేళ్లు ముడుచుకోలేదు.

పండుగ చీర కట్టుకుని గదిలోంచి వచ్చిన బీరమ్మ కొయ్యబారిపోయింది. చప్పున దర్వాజ వైపు చూసింది. డప్పుల మధ్య తమ్ముడి గొంతు ఇంకా వినబడుతూనే ఉంది, బొటనవేలి కథ మొదటినుంచి ఎవరికో చెబుతున్నాడు.

"గా మలుపుకాడనే ఉన్నరు," అంది ఆత్రంగా. "పెద్దులు సుత ఉన్నడు. పిలుస్త ఉండు, అందరొచ్చి చూస్తరు. ఇగ ఎవలేమంటరో చూద్దాం!"

దుర్గయ్య కళ్లు పెద్దవి చేసి, తలను అటూ ఇటూ కొద్దిగా, చెయ్యి కదలకుండా, ఆడించాడు. బీరమ్మకు అర్థం కాలేదు. గల్లీలో డప్పు దగ్గరవుతోంది. అరచేతిలో పట్వారి చెవి ఒకటి అదిరింది. దుర్గయ్య ముఖమంతా చెమట పట్టింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. పెదాలు కదిపాడు.

"ఏందీ?"

మళ్లీ కదిపాడు.

"వినవడ్తలేదయ్యా, జర గట్టిగ చెప్పు."

"దర్వాజ," అన్నాడు దుర్గయ్య, ఊపిరితోనే. "దర్వాజ మెల్లగ మూయి."